శ్రీమతి బండారు అచ్చమాంబ

ఓరుగల్లు కోటను చూచిన వారికెల్ల రాణి రుద్రమదేవి పేరు జ్ఞప్తికి రాకమానదు. ఆమె గతించి ఏడువందల యేండ్లు దాటినను ఆమె కీర్తి మాసిపోలేదు. ఇందుకు కారణమేమి? ఆమె పరాక్రమశాలిని యగుట యొక కారణము. ఆమె పేరు రాతిమీద చెక్కబడియుండుట మరియొక కారణము. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల గ్రామమున 1289వ సంవత్సరపు శిలాశాసనమొకటి కలదు. రుద్రమదేవి శివలోకప్రాప్తి నొందిన సంగతి ఆ శాసనము వలన తెలియుచున్నది. ఆ రాయి దొరకకున్నచో ఆ మహారాణి యెప్పుడు గతించెనో నిశ్చయముగ చెప్పుట కష్టమై యుండెడిది.

రాణులకు శాసనములు కలవు. దేవాలయములకు దానము లిచ్చిన సంపన్న స్త్రీల పేర్లును కొన్ని శాసనములలో కానవచ్చును. మరి తక్కిన స్త్రీల మాటయేమి? బిడ్డలను పెంచిన తల్లులు, పాటలు కట్టిన పడతులు, వైద్యము నెరిగిన వృద్ధురాండ్రు, కష్టకాలమున కుటుంబమును నిలిపిన ఇల్లాండ్రు ఎందరో యుండిరి. వారి పేర్లు వారితోనే మట్టిలో కలిసిపోయినవి. పేరు నిలువనందున క్రమముగ వారికి సామర్థ్యమే లేదను మాట పుట్టినది. వ్రాయబడని దానిని లోకము లేనిదానిగ నెంచును.

ఈ లోపమును గుర్తించి, స్త్రీల చరిత్రను వెదకి తెలుగున గ్రంథముగ కూర్చిన విదుషీమణి యొకతె నూరేండ్లకు పూర్వమే మన జాతియందు జన్మించెను. ఆమెయే బండారు అచ్చమాంబ. ఆమె బడికి పోయి చదువుకొన్నది కాదు. ఆమె జీవించినది ముప్పది సంవత్సరములు మాత్రమే. అయినను ఆమె చరిత్రకారిణిగను, కథారచయిత్రిగను, సంఘసేవకురాలిగను తెలుగుదేశమునకు చేసిన ఉపకారము గొప్పది.

అచ్చమాంబ 1874వ సంవత్సరమున, నాటి కృష్ణా జిల్లాలో నందిగామకు సమీపమున గల పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందలి ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది. తండ్రి పేరు కొమర్రాజు వేంకటప్పయ్య. తల్లి పేరు గంగమ్మ. వేంకటప్పయ్య మునగాల సంస్థానమున దివానుగ పనిచేసెను. ఆ కాలమున మునగాల పరగణా మద్రాసు రాజధానికి చెందినదైనను, దాని చుట్టును నిజాం రాజ్యమునకు చెందిన గ్రామము లుండెడివి. నేడు మునగాల తెలంగాణ రాష్ట్రమునందలి సూర్యాపేట జిల్లాలో చేరియున్నది. ఇట్లు అచ్చమాంబ కుటుంబమునకు తెలుగుదేశపు రెండు భాగములతోడను సంబంధము కలదు. ఆమె తమ్ముడే సుప్రసిద్ధుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. అతడు 1877వ సంవత్సరమున జన్మించెను. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ప్రారంభించిన మహాపండితు డతడే.

అచ్చమాంబ జన్మించిన 1874వ సంవత్సరమునందే కందుకూరి వీరేశలింగము పంతులు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించెను. ఆడుపిల్లలకు అక్షరములు నేర్పుట ఆనాడు పెద్ద సాహసము. చదివినచో స్త్రీకి వైధవ్యము కలుగునని కొందరు భయపడెడివారు. చదివినచో భర్త మాట వినదని మరికొందరు వాదించెడివారు. వెనుకబడిన ఆ పరిస్థితికి అంకెలే సాక్ష్యము. 1901వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వేయిమంది స్త్రీలలో పదిమందికైనను చదువను వ్రాయను రాదు. బాల్యవివాహములు సర్వసాధారణము. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదను చట్టము 1929వ సంవత్సరమున గాని రాలేదు.

అచ్చమాంబయు ఆ కాలపు ఆచారములకు లోబడినదే. ఆమె చిన్నతనముననే తండ్రి గతించెను. పదియవయేట ఆమెను మేనమామ యగు బండారు మాధవరావున కిచ్చి వివాహము చేసిరి. మాధవరావు మధ్యపరగణాలలో ప్రభుత్వోద్యోగి. ఆ పరగణాలకు నాగపురము ముఖ్యపట్టణము. పెండ్లినాటికి ఆమెకు చదువు రాదు. పలక పట్టవలసిన వయసున సంసార మను బరువు నెత్తిమీద పడినది.

ఇచ్చట ఆమె జీవితమున ఒక మంచి మలుపు కలిగెను. తమ్ముడు లక్ష్మణరావు విద్యాభ్యాసమునకై అక్కగారి యింటికి వచ్చెను. అతడు బడిలో విన్న పాఠములు ఇంటియొద్ద చదువుకొనుచుండ, అక్కయు అతనితోపాటు నేర్చుకొన మొదలిడెను. అక్క తమ్మునికి అన్నము పెట్టినది. తమ్ముడు అక్కకు అక్షరములు పెట్టినాడు. ఎవరి ఋణము పెద్దదో చెప్పుట కష్టము. ముందుగ తెలుగును, హిందీని నేర్చెను. నాగపురమున మరాఠీ వాడుకయందుండుటచే ఆ భాషయు ఆమెకు స్వాధీనమయ్యెను. పిదప గుజరాతీ, వంగ భాషలతో పరిచయము సంపాదించెను. సంస్కృతమును, ఇంగ్లీషును కొంతవరకు అభ్యసించెను.

ఇన్ని భాషలు నేర్చుటవలన ఆమెకు కలిగిన లాభము గమనింపదగినది. మహారాష్ట్రమున స్త్రీవిద్య మనకంటె ముందుగ మొదలయ్యెను. జోతీరావు ఫూలే, అతని భార్య సావిత్రీబాయి 1848వ సంవత్సరమున పుణ్యపట్టణమున బాలికలకు పాఠశాల నడపిరి. ఆనందీబాయి జోశి సముద్రములు దాటి అమెరికా దేశమునకు పోయి, ఫిలడెల్ఫియా నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1886వ సంవత్సరమున పట్టము పొందెను. పండిత రమాబాయి హిందూ స్త్రీల దుస్థితిని గూర్చి ఇంగ్లీషున గ్రంథము వ్రాసి 1887వ సంవత్సరమున అమెరికాలో ప్రకటించెను. మరాఠీ పుస్తకములు, పత్రికలు చదువగలిగిన వారికి ఈ వార్తలు దూరదేశపు వార్తలు కావు. ఒక స్త్రీ చేయగలిగిన కార్యమును మరియొక స్త్రీ యేల చేయలేదను ప్రశ్న అట్టి వాతావరణమున సహజముగ పుట్టును.

చదువు సాగుచుండగనే అచ్చమాంబకు తీరని దుఃఖము కలిగెను. ఆమెకు పుట్టిన బిడ్డలు పసితనముననే మరణించిరి. సంతానశోకము మనుష్యుని క్రుంగదీయును. ఆమె మాత్రము తన శోకమును పరుల సేవగ మార్చుకొనెను. అనాథలైన బాలబాలికలను తన యింట నుంచుకొని, వారికి అన్నవస్త్రము లిచ్చి, విద్య చెప్పించెను. తన యొడి శూన్యమైన చోట పరుల బిడ్డలకు చోటిచ్చినది. ఆమె వ్రాసిన మాటలకు ఆమె నడవడి బలము చేకూర్చినది.

ఇక ఆమె రచనలను గూర్చి తెలిసికొందము. వానిలో ముఖ్యమైనది 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. దీని మొదటి భాగము 1901వ సంవత్సరమున వెలువడెను. గ్రంథము పేరును కొంచెము విచారించి చూడుడు. అబల యనగా బలము లేనిది. స్త్రీకి మన నిఘంటువులలో నున్న పర్యాయపదములలో నిది యొకటి. సత్ అను శబ్దమునకు చరిత్ర అను శబ్దము పరమగునప్పుడు సచ్చరిత్ర యగును. మంచి చరిత్ర యని దాని యర్థము. బలము లేనివారని లోకము పేరు పెట్టిన వారి మంచి చరిత్రల మాల యని గ్రంథనామమునకు తాత్పర్యము. లోపలి కథలు చదివిన పిమ్మట మరల ఆ పేరు చూచినచో, వీరిని అబలలని యేల పిలిచితిమి అను సందేహము పాఠకునకు కలుగక మానదు.

ఈ గ్రంథరచనకు తన ఉద్దేశములు మూడని అచ్చమాంబ పీఠికయందు తెలిపెను. మొదటిది: స్త్రీలు స్వభావము చేతనే బలహీనులు, బుద్ధిహీనులు, వివేకశూన్యులు అని కొందరు చేయు నిందను చరిత్రబలముతో ఖండించుట. రెండవది: విద్యయు స్వాతంత్ర్యమును స్త్రీలను చెడగొట్టునను వాదము తప్పని చూపుట. మూడవది: తన సోదరీమణులకు వినోదముతోపాటు ఉపదేశము కలిగించుట.

ఇందు మొదటి ఉద్దేశమును బాలబాలికలు శ్రద్ధగ గమనింపవలెను. వాదము చేయుటకు రెండు మార్గములు కలవు. ఎదుటివాడు కేక వేసినచో మనమును కేక వేయుట యొక మార్గము. సాక్ష్యము చూపుట రెండవ మార్గము. కాకులన్నియు నల్లనివే యని యొకడు శపథము చేసినచో, వానితో జగడమాడ నవసరము లేదు. ఒక తెల్లకాకిని తెచ్చి చూపిన చాలును. స్త్రీలెల్లరు స్వభావముచేత అవివేకులని యన్నవారికి అచ్చమాంబ ఇచ్చిన సమాధాన మట్టిది. ఆమె కోపింపలేదు, ప్రాధేయపడలేదు. గడచిన వేయి సంవత్సరములలో మన దేశమున విద్యచేతను, శౌర్యముచేతను, రాజ్యపాలనచేతను, భక్తిచేతను కీర్తి గాంచిన స్త్రీల జీవితములను ఒక్కొక్కటిగ తెచ్చి పాఠకుల యెదుట నుంచెను. ఇందరు వివేకవంతులు ఎట్లు పుట్టిరని ఆ గ్రంథము ప్రతి పుటయందును మౌనముగ ప్రశ్నించుచుండును.

ఆ పని ఎంత కష్టమైనదో నేటివారు ఊహింపలేరు. ఆనాడు స్త్రీల చరిత్ర యను పుస్తకము తెలుగున ముందుగ లేదు. రాజుల చరిత్రలలో ఒక మూల రాణి పేరొకటి కానవచ్చును. అట్టి తునుకలను అనేక భాషలలోని పుస్తకములనుండి యేరి, పోల్చి, ఒక కథగ కూర్చవలెను. ఇల్లు కదలి గ్రంథాలయములకు పోవుట స్త్రీలకు సాధ్యము కాని దినములవి. అట్టి స్థితియందు ఒక గృహిణి ఈ కార్యమునకు పూనుకొని నెరవేర్చెను. కావుననే పండితులు ఆమెను తెలుగున తొలి చరిత్రకారిణిగ పేర్కొందురు.

ఆమె సంకల్పము ఒక భాగముతో ముగియునది కాదు. రెండవ భాగమున వేదకాలపు స్త్రీలను, పురాణ స్త్రీలను, బౌద్ధ స్త్రీలను గూర్చి వ్రాయదలచెను. మూడవ భాగమున ఇంగ్లండు, అమెరికా మొదలగు విదేశముల స్త్రీలను గూర్చి వ్రాయదలచెను. తెలుగు పల్లెలలోని స్త్రీకి ప్రపంచ స్త్రీలతో చుట్టరికము కలుపవలెనని ఆమె యాశ. అప్పటికి అమెరికాలో హారియట్ బీచర్ స్టో అను రచయిత్రి నీగ్రో బానిసల దురవస్థను వర్ణించుచు 1852వ సంవత్సరమున నవల వ్రాసి ఆ దేశమును కదలించి యుండెను. అదే దేశమున 1848వ సంవత్సరమున సెనెకా ఫాల్స్ అను ఊర స్త్రీలు సభ చేసి ఓటుహక్కును కోరియుండిరి. ఆ హక్కు వారికి దేశమంతటను 1920వ సంవత్సరమున లభించెను. కలము పట్టిన స్త్రీయే సంఘసేవకును పూనుకొనుట ఒక్క దేశపు వింత గాదు. తెలుగునేలయందు ఆ మార్గమున మొదట నడచిన వారిలో అచ్చమాంబ యొకతె.

అచ్చమాంబ చరిత్రలతో తృప్తి పడలేదు. చరిత్రలు గొప్పవారిని గూర్చి చెప్పును. సామాన్య స్త్రీల సుఖదుఃఖములు చెప్పుటకు కథ తగిన సాధనము. ఆ కాలమున స్త్రీలకొరకు తెలుగున కొన్ని మాసపత్రికలు వెలువడుచుండెను. రాయసం వెంకటశివుడు 'తెలుగు జనానా' పత్రికను నడపెను. సత్తిరాజు సీతారామయ్య 1902వ సంవత్సరమున ఏలూరునుండి 'హిందూసుందరి' పత్రికను ప్రారంభించెను. ఇట్టి పత్రికలలో అచ్చమాంబ కథలు, వ్యాసములు ప్రకటింపబడెను. 'జానకమ్మ', 'దంపతుల ప్రథమ కలహము', 'స్త్రీవిద్య', 'ధనత్రయోదశి', 'బీద కుటుంబము' మొదలగునవి ఆమె కథలు.

'ధనత్రయోదశి' కథ 1902వ సంవత్సరము నవంబరు మాసమున హిందూసుందరిలో వెలువడెను. దీపావళికి ముందు వచ్చు ఆశ్వయుజ బహుళ త్రయోదశినాడు ధనలక్ష్మిని పూజించుట ఉత్తర, పశ్చిమ దేశములందు ఆచారము. ఇరుగుపొరుగు ఇండ్లలో పండుగ వెలుగులు. ఒక పేదవాని యింట మాత్రము పండుగకు తగిన సొమ్ము లేదు. భర్త మనస్సు యజమాని ధనముపై పోవును. ఆ సమయమున భార్య అతనిని వారించి, పరధనము మనకు వలదని ధర్మము చెప్పి నిలుపును. దారిద్ర్యము సహింపవచ్చును గాని అధర్మము సహింపరాదని ఆ యిల్లాలి నిశ్చయము.

ఈ కథ చిన్నదే. కాని ఇందొక విశేషమున్నది. ఆ కాలపు నీతికథలలో తరచుగ భర్త భార్యకు బుద్ధి చెప్పుచుండును. ఇచ్చట వివేకము భార్యది, తడబాటు భర్తది. స్త్రీలు వివేకశూన్యులను నిందకు చరిత్రగ్రంథమున వేయి సంవత్సరముల సాక్ష్యము చూపిన రచయిత్రి, కథయందు ఒక చిన్న యింటి సాక్ష్యము చూపెను. రాణివాసమున నున్న వివేకమే పూరింటను ఉన్నదని ఆమె యభిప్రాయము. 'స్త్రీవిద్య' అను కథ భార్యాభర్తల సంభాషణ రూపమున సాగును. అందు చదువు వలన కలుగు ప్రయోజనము చర్చింపబడినది. ఉపన్యాసముగ చెప్పినచో విసుగు పుట్టు విషయమును ఇద్దరు మనుష్యుల మాటలుగ చెప్పుటవలన చదువరికి అది తన యింటి మాటవలె తోచును.

ఆమె భావములన్నియు నేటి భావములతో సరిపోవునని చెప్పరాదు. స్త్రీ చదువుకొన్నచో మంచి ఇల్లాలు కాగలదు, మంచి తల్లి కాగలదు అను వాదము ఆమె వ్రాతలలో తరచుగ కనబడును. నేడు మనము అంతకంటె ముందునకు పోయి, చదువు స్త్రీకి తన కొరకే కావలెనని యందుము. అయితే మెట్లు ఎక్కువాడు మొదటి మెట్టును నిందింపరాదు. ఆ మొదటి మెట్టు నిర్మించుటకే ఆనాడు గొప్ప ధైర్యము కావలసివచ్చెను.

వ్రాతతో పాటు చేతయు కావలెనని అచ్చమాంబ నమ్మెను. చదువురాని స్త్రీకి పుస్తకము వలన నేమి ప్రయోజనము? పదిమంది యొకచోట చేరినచో, చదువు వచ్చిన యొకతె చదువగా తక్కినవారు విందురు. విన్నవారికి తామును నేర్వవలెనను కోరిక పుట్టును. ఒంటరిగ నున్నప్పుడు తనకొక్కదానికే వచ్చినదనుకొన్న కష్టము, పదిమందిలో చెప్పుకొనునప్పుడు అందరి కష్టముగ తోచును. ఈ యుద్దేశముతో అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి 1902వ సంవత్సరమున మచిలీపట్టణమున 'బృందావన స్త్రీ సమాజము'ను స్థాపించెను. స్త్రీలే స్థాపించి స్త్రీలే నడపిన సమాజములలో తెలుగునాట నిది మొదటి వానిలో నొకటి. అంతటితో నూరకుండక, ఆమె తెలుగుదేశమునందు పర్యటించి, ఊరూర స్త్రీలను కలిసికొని, ఇట్టి సమాజములు నెలకొల్పుటకు ప్రోత్సహించెను. గడప దాటుటయే తప్పుగ నెంచు కాలమున, ఊరు వెంబడి ఊరు తిరుగుచు స్త్రీలతో విద్యను గూర్చి మాటలాడుట సామాన్యమైన కార్యము కాదు.

ఇట్లు ఆమె కృషి నలుదిక్కుల వ్యాపించుచున్న తరుణమున, 1905వ సంవత్సరము జనవరి 18వ తేదీన అచ్చమాంబ అకాలమరణము నొందెను. అప్పటికి ఆమె వయస్సు ముప్పది సంవత్సరములు. విదేశ స్త్రీలను గూర్చిన మూడవ భాగము సంకల్పమాత్రముగ నిలిచిపోయెను. ఆమె మరికొంతకాలము జీవించియుండినచో తెలుగు సాహిత్యమునకు ఎంత మేలు కలిగియుండెడిదో కదా!

పిమ్మట జరిగిన సంగతి మరింత ఆలోచింపదగినది. స్త్రీల పేర్లు మరుగున పడరాదని శ్రమించిన అచ్చమాంబ పేరే క్రమముగ మరుగున పడెను. తెలుగున తొలి చిన్నకథ యేది యను ప్రశ్నకు, గురజాడ అప్పారావు వ్రాసిన 'దిద్దుబాటు' అని చిరకాలము పాఠ్యపుస్తకములు చెప్పుచు వచ్చినవి. ఆ కథ 'ఆంధ్రభారతి' పత్రికయందు 1910వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున వెలువడెను. 'ధనత్రయోదశి' అంతకు ఏడేండ్లకు పైగ ముందుగనే అచ్చుపడినది. మరి ఇది యెట్లు కనుమరుగయ్యెను?

కారణము కఠినమైనది కాదు. గ్రంథము గట్టి అట్టలతో కుట్టబడి బీరువాలో నిలుచును. మాసపత్రిక చేతులు మారి, చినిగి, చివరకు పొట్లములకు పోవును. ఆనాటి స్త్రీల పత్రికలు కొద్దిమందికి మాత్రమే చేరెడివి. వానిని వరుసగ భద్రపరచిన గ్రంథాలయములు అరుదు. సాహిత్యచరిత్రలు వ్రాసినవారు తమకు దొరికిన పుస్తకములను బట్టి వ్రాసిరి. స్త్రీల పత్రికలలో సాహిత్యమేమి యుండునను తేలికభావము కూడ కొందరికి కలదేమో! కాలము గడచిన పిదప, పరిశోధకులు పాత పత్రికల సంచికలను వెదకి, పుటలు త్రిప్పి, అచ్చమాంబ కథలను ప్రోగుచేసిరి. ఇరువదియొకటవ శతాబ్దమున అవి సంపుటముగ వెలువడి మరల పాఠకుల చేతికి వచ్చినవి.

నేడు పలువురు ఆమెను తొలి తెలుగు కథారచయిత్రిగ గౌరవించుచున్నారు. దిద్దుబాటు వ్యావహారిక భాషయందును, ఆధునికమైన శిల్పముతోడను ఉన్నది గనుక దానినే తొలి ఆధునిక కథగ నెన్నవలెనని కొందరు విమర్శకు లందురు. అంతకు పూర్వపు రచనలను చూపువారును కలరు. ఈ చర్చ పండితుల నడుమ నింకను సాగుచున్నది. ఏ కథ మొదటిదను నిర్ణయము కంటె ముఖ్యమైన దొకటి కలదు. చర్చలో అచ్చమాంబ పేరు వినబడుటకే నూరేండ్లు పట్టినది. ఆ నూరేండ్ల మౌనము మనకు పాఠము కావలెను.

ఆమె నాటిన బీజములు మాత్రము వ్యర్థము కాలేదు. అక్కతో కలిసి చదువుకొన్న లక్ష్మణరావు జ్ఞానమును తెలుగువారి కందరికి పంచుటకు జీవితమును వినియోగించెను. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. అచ్చమాంబ జీవించియుండగనే, 1904వ సంవత్సరమున, మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. నిజాం రాజ్యమున తెలుగు చదువులకు ఆదరణ లేని కాలమున ఈ గ్రంథాలయములు దీపస్తంభములవలె నిలిచినవి. ఈ యుద్యమమునకు మూలపురుషులలో లక్ష్మణరావు ముఖ్యుడు. 1906వ సంవత్సరమున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర, ప్రకృతిశాస్త్రము మొదలగు విషయములపై తెలుగు గ్రంథములు ప్రకటించినవారిలోను అతడు ప్రముఖుడు. బాల్యమున ఒక దీపము క్రింద అక్కయు తమ్ముడును పుస్తకము పంచుకొనిరి. పెరిగిన పిదప వారిరువురును తమ పుస్తకములను దేశముతో పంచుకొనిరి.

స్త్రీలు సభలు తీర్చుకొను పద్ధతియు తెలుగునాట క్రమముగ వ్యాపించెను. తెలంగాణమున 1930వ సంవత్సరమున జోగిపేటయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు మహిళాసభయు జరిగెను. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించెను. మచిలీపట్టణమున కొద్దిమంది స్త్రీలు కూడి మొదలిడిన ఆచారమునకు ముప్పది సంవత్సరములు తిరుగకమునుపే నిజాం రాజ్యమునందును ఆదరణ కలిగెను.

బాలబాలికలారా! అచ్చమాంబ జీవితమునుండి మనము గ్రహింపదగిన విషయములు రెండు. బడి లేదని, వయసు మించినదని, ఇంటిపని యున్నదని చదువు మానరాదు. నేర్వగోరువానికి ఎదురుగ కూర్చున్న తమ్ముడైనను గురువే. ఇది మొదటిది. నిందకు నింద ప్రత్యుత్తరము కాదు, నిజమే ప్రత్యుత్తరము. ఆ నిజమును వెదకుటకు శ్రమింపవలెను, దొరికినదానిని వ్రాసి దాచవలెను. ఇది రెండవది.

ఈ రెండవ కార్యము మీరును చేయదగినదే. మీ యింట అమ్మమ్మయో నాయనమ్మయో ఉన్నచో, ఆమె చిన్ననాడు ఏ యూర నుండెనో, ఏయే పనులు నేర్చెనో, ఏ కష్టము నెట్లు దాటెనో అడిగి తెలిసికొనుడు. మీ గ్రామమున మొదట బడికి పోయిన బాలిక యెవరో, మొదటి ఉపాధ్యాయురా లెవరో పెద్దలను విచారింపుడు. తెలిసినంతవరకు మీ నోటుపుస్తకమున పేరుతోడను, సంవత్సరముతోడను వ్రాసియుంచుడు. అది నాలుగు పుటలే కావచ్చును. అచ్చమాంబయు ఒక్కొక్క పేరునే వెదకి, ఒక్కొక్క కథనే వ్రాసినది. వానిని వరుసగ గుచ్చినందుననే అవి రత్నమాల యైనవి.